థాయిలాండ్‌లో ఫ్లాట్ కొనాలంటే: టూరిస్టు మోజు నుంచి ల్యాండ్ ఆఫీసు దాకా

మా తోడల్లుడు కుటుంబంతో ఫుకెట్ వెళ్ళొచ్చిన మూడు వారాలకి మాదాపూర్‌లో ఒక పెద్ద హోటల్లో ప్రాపర్టీ షో పెట్టారు. నన్నూ లాక్కెళ్ళాడు. తెర మీద సముద్రం, చేతిలో జ్యూస్ గ్లాసు, పక్కన టై కట్టుకున్న కుర్రాడు. "తొంభై ఏళ్ళ లీజు సార్, సొంతం కిందే లెక్క. మీ మనవలు కూడా అనుభవిస్తారు" అన్నాడు. అడ్వాన్సు అక్కడికక్కడే క్రెడిట్ కార్డు మీద గీకెయ్యమన్నాడు. మావాడు పర్సు తీశాడు కూడా. "ఆ తొంభై ఏళ్ళు ఏ కాగితంలో ఉంటాయి బాబూ?" అని నేనడిగితే ఆ కుర్రాడు బ్రోచర్ చూపించాడు.

ఆ రోజుకి పర్సు మళ్ళీ జేబులోకి పోయింది. కోరిక మాత్రం పోలేదు. ఏడాది తిరిగాక అతను బ్యాంకాక్‌లో విల్లా కాదు గానీ ఒక చిన్న కాండో (అక్కడ అపార్ట్‌మెంటు ఫ్లాటుని అలా అంటారు) కొన్నాడు. ఆ ఏడాదంతా కాగితాలు చదివే పని నాది. అప్పుడు తెలిసినవాటిని వరసగా ఇక్కడ పెడుతున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తా: థాయిలాండ్‌లో పరాయి దేశస్థుడి హక్కు అగ్రిమెంటుతో మొదలవదు. డబ్బు ఏ దారిన ఆ దేశంలోకి వచ్చిందో చెప్పే బ్యాంకు కాగితంతో మొదలవుతుంది. మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎలాగో, అక్కడ డబ్బుకి లింకు అలాగ.

అడుగు 1: మోజుని పక్కన పెట్టి ఒకసారి చూడండి

థాయిలాండ్ నచ్చకపోవడం కష్టం. హైదరాబాద్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం. 2023 నవంబర్ నుంచి మనవాళ్ళకి వీసా అక్కర్లేకుండా 30 రోజులు ఇచ్చారు, 2024 జూలైలో దాన్ని 60 రోజులు చేశారు. (ఈ నియమాలు అక్కడ ప్రభుత్వం మారినంత తేలిగ్గా మారుతుంటాయి. టికెట్ తీసే ముందు వాళ్ళ ఎంబసీ సైటు చూసుకోండి. 2025 మే నుంచి దిగేలోపు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు దొంగ సైటు.) సువర్ణభూమి విమానాశ్రయంలో క్షీరసాగర మథనం శిల్పం ఎదురొస్తుంది, ఊళ్ళో ఎరవాన్ దగ్గర బ్రహ్మదేవుడికి పూలదండలు, సీలం రోడ్డులో మారియమ్మ గుడి. రాజులకి రాముడి పేరు, పాత రాజధానికి అయోధ్య పేరు. మనవాళ్ళకి అది పరాయి దేశంలా అనిపించదు. చిక్కల్లా అక్కడే మొదలవుతుంది.

2019లో ఆ దేశానికి దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. కరోనా తర్వాత 2024లో మూడున్నర కోట్ల దాకా కోలుకుంది, అందులో మనవాళ్ళు 20 లక్షల పైనే. 2025లో చైనావాళ్ళు వెనక్కి తగ్గడంతో లెక్క మళ్ళీ పడింది. షోలో ఈ అంకెలే చూపించి "ఇంతమంది వస్తుంటే అద్దెకి లోటేంటి సార్" అంటారు. ఆ వచ్చేవాళ్ళు రోజు లెక్కన గది తీసుకునేవాళ్ళు. మీ కాండోని రోజు లెక్కన ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, దాని సంగతి తర్వాత చెప్తా. టూరిస్టుల రద్దీ హోటల్ యజమానికి ఆదాయం. మీకు అద్దె కట్టేది అక్కడ ఉద్యోగం చేసుకునేవాడు, నెలల తరబడి ఉండేవాడు.

అందుకని కొనే ఆలోచన ఉంటే ఒక్కసారైనా సీజన్ కాని రోజుల్లో వెళ్ళండి. ఫుకెట్, క్రాబీ వైపు సెప్టెంబర్‌లో చూడండి, సముద్రపు ఒడ్డున ఎర్రజెండాలు పాతి ఉంటాయి. సముయి దీవిని నవంబర్ వానల్లో చూడండి. చియాంగ్ మాయ్‌ని మార్చిలో, పొలాలు తగలబెట్టిన పొగ కమ్మినప్పుడు చూడండి. అప్పుడు కూడా నచ్చితే ముందుకి వెళ్ళండి.

అడుగు 2: ఏది కొనొచ్చో, ఏది కొన్నట్టు అనిపిస్తుందో తెలుసుకోండి

భూమి కొనలేరు. 1954 నాటి భూమి చట్టం ప్రకారం ఏదైనా దేశంతో ప్రత్యేక ఒప్పందం ఉంటేనే విదేశీయుడికి భూమి. ఆ ఒప్పందాలన్నీ ఎప్పుడో 1970లోనే రద్దయ్యాయి. ఒక్క మినహాయింపు ఉంది: ప్రభుత్వం చెప్పిన పద్దుల్లో 4 కోట్ల బాట్ (అక్కడి కరెన్సీ) పెట్టుబడి పెట్టి, మంత్రి అనుమతి తెచ్చుకుంటే ఇల్లు కట్టుకోవడానికి ఒక రాయ్ దాకా ఇస్తారు. రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 40 సెంట్లు. ఆ స్థాయి వాళ్ళు ఈ వ్యాసం చదవరు, వాళ్ళకి లాయర్లుంటారు.

కాండో కొనొచ్చు, పూర్తి సొంతంగా, మీ పేరు మీదే. 1979 కాండోమినియం చట్టం, తర్వాతి సవరణలతో, ఒక బిల్డింగులోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయులకి వదిలింది. ఫ్లాట్ల సంఖ్యలో 49 శాతం కాదు, విస్తీర్ణంలో. పెద్ద ఫ్లాట్లు నాలుగు ముందే విదేశీయుల చేతిలో ఉంటే కోటా తొందరగా నిండిపోతుంది. దీన్ని 75 శాతం చేద్దామని, లీజుని 99 ఏళ్ళకి పెంచుదామని 2024లో ప్రభుత్వం ఆలోచన చేసింది, జనం గోల చేశారు, చట్టం కాలేదు. "త్వరలో 75 అవుతుంది సార్, ఇప్పుడే పట్టుకోండి" అనే మాటకి ఖరీదు కట్టకండి.

ఇక ఆ తొంభై ఏళ్ళ లీజు. ఇళ్ళకి సంబంధించి అక్కడి పౌర చట్టం ఒప్పుకునే గరిష్ఠ లీజు 30 ఏళ్ళు. మూడేళ్ళు దాటిన లీజుని ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే మూడేళ్ళకి మించి కోర్టులో నిలబడదు. మిగతా 30, ఆ పైన 30 అనేవి "అప్పుడు మళ్ళీ ఇస్తాం" అన్న మాట మాత్రమే. 30 ఏళ్ళ తర్వాత ఆ భూమి ఎవరి చేతిలో ఉంటుందో, కంపెనీ అసలుంటుందో లేదో ఎవరికి తెలుసు? లీజు విల్లా కొనొద్దని అనను. 30 ఏళ్ళకే లెక్క వేసి, ఆ ధరకి గిట్టుబాటవుతుందనుకుంటే కొనండి. 90కి లెక్క వేస్తే మాత్రం లేనిదానికి 60 ఏళ్ళ డబ్బు కట్టినట్టే.

మూడో దారి కూడా చెప్తారు: స్థానికుల పేర్లతో కంపెనీ పెట్టి దాని కింద భూమి కొనడం. మనకి బినామీ అన్న మాట కొత్త కాదు కాబట్టి ఇది తేలిగ్గా బుర్రకెక్కుతుంది. అక్కడ దీనికి మూడేళ్ళ దాకా జైలు, 10 లక్షల బాట్ దాకా జరిమానా రాసి ఉన్నాయి. దీన్ని ఎవరైనా సలహాగా చెప్తే కుర్చీలోంచి లేచి వచ్చెయ్యండి.

అడుగు 3: బిల్డింగు కాగితాలు

కోటా మిగిలి ఉందో లేదో ఏజెంటు నోటి మాట కాదు, ఆ బిల్డింగు సొసైటీ రాసిచ్చే ఉత్తరం కావాలి. ప్రతి కాండోకి చట్టబద్ధమైన సొసైటీ ఒకటి ఉంటుంది, "నితి బుక్కోన్" అంటారు. కోటా ఉత్తరం ఇచ్చేది వాళ్ళే, పాత యజమాని మెయింటెనెన్స్ బాకీ లేదని "బై ప్లోడ్ నీ" ఇచ్చేదీ వాళ్ళే. ఈ రెండో కాగితం లేకపోతే రిజిస్ట్రేషన్ అసలు జరగదు. ఆ ఆఫీసుకి ఎలాగూ వెళ్తారు కనుక కార్పస్ ఫండ్‌లో ఎంతుందో, ఎంతమంది బాకీ ఉన్నారో అడగండి. లిఫ్టు దగ్గర నోటీసు బోర్డు ఫోటో తీసుకొచ్చి ట్రాన్స్‌లేటర్ యాప్‌లో పెడితే బిల్డింగు అసలు జాతకం తెలుస్తుంది. మా తోడల్లుడు మొదట ఇష్టపడ్డ బిల్డింగులో ఆ బోర్డు నిండా నీళ్ళ మోటారు బిల్లుల గొడవే.

ఫ్లాటు టైటిల్ డీడ్ ఒకే కాగితం. ముందువైపు గరుడుడి ముద్ర, ఫ్లాటు కొలతలు, పటం. వెనకవైపు పట్టిక: మొదటి యజమాని నుంచి ఇప్పటిదాకా జరిగిన ప్రతి అమ్మకం, ప్రతి తాకట్టు, ప్రతి విడుదల వరుసగా రాసి అధికారి సంతకం ఉంటుంది. మన ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) ఆ కాగితం వీపు మీదే ఉందన్నమాట. చివరి వరుసలో తాకట్టు ఉండి, దాని కింద విడుదల లేకపోతే బ్యాంకు అప్పు ఇంకా ఉన్నట్టే. తేదీలు చూసి కంగారు పడకండి, అవి బౌద్ధ శకంలో ఉంటాయి. 2568 అంటే మన 2025.

మనవాళ్ళకి నచ్చే సంగతి ఇంకొకటి. అక్కడ సూపర్ బిల్టప్ గొడవ లేదు. డీడ్‌లో 35 చదరపు మీటర్లంటే మీ గుమ్మం లోపల, బాల్కనీతో కలిపి 35, అంటే దాదాపు 377 చదరపు అడుగులు. హైదరాబాద్ బ్రోచర్‌లోని 377తో పోల్చకండి, ఇది అంతకంటే పెద్దది.

కట్టకముందే కొనేట్టయితే ఇంకాస్త భయం మంచిదే. కొనుగోలుదారుల డబ్బుని విడి ఖాతాలో పెట్టి తీరాలన్న నిర్బంధం అక్కడ లేదు. ఎస్క్రో చట్టం ఉంది గానీ అది ఇష్టమైతేనే. బ్యాంకాక్‌లో సఫాన్ తాక్సిన్ స్టేషన్ దగ్గర దిగితే నల్లబడ్డ నలభై పైచిలుకు అంతస్తుల గోపురం ఒకటి కనిపిస్తుంది, సాథోన్ యూనిక్. 1997 జూలై 2న బాట్ కుప్పకూలినప్పుడు ఆగిపోయిన పని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. అందులో ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్ళూ బ్రోచర్ చూసే డబ్బు కట్టి ఉంటారు. 80 ఫ్లాట్లు లేదా 4,000 చదరపు మీటర్లు దాటే ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి తప్పనిసరి. అది చేతికి రాకుండానే అమ్మకాలు మొదలుపెట్టేవాళ్ళుంటారు, ముందు అదే అడగండి. నా మటుకు నేను కట్టి, మనుషులు కాపురముంటున్న బిల్డింగుకే ఓటు వేస్తాను. 2025 మార్చి 28న మయన్మార్ భూకంపం బ్యాంకాక్‌నీ ఊపేసింది, కడుతున్న ప్రభుత్వ భవనం ఒకటి కూలిపోయింది. ఆ తర్వాత ఇంజనీరు ఇచ్చిన తనిఖీ నివేదిక సొసైటీ దగ్గర ఉందా అని అడగడం ఇప్పుడు మామూలు ప్రశ్న.

అడుగు 4: ఇక్కడి నుంచి డబ్బు పంపడం

అన్నిటికంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అందుకే నిదానంగా చెప్తా.

ఇండియాలో ఉండేవాళ్ళు రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం (మన లేఅవుట్ల ఎల్ఆర్ఎస్ కాదు, విదేశాలకి డబ్బు పంపుకోనిచ్చేది) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. విదేశంలో ఇల్లు కొనడానికి అది సరిపోకపోతే భార్యాభర్తలు ఇద్దరి ఖాతాల నుంచి పంపొచ్చు, కానీ అప్పుడు డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉండాలి. పాన్ కార్డు, విదేశాలకి డబ్బు పంపడానికి నింపే ఏ-2 ఫారం బ్యాంకులో ఇవ్వాలి. దీనికోసం బ్యాంకులో లోన్ అడక్కండి, సొంత డబ్బే పంపాలి. క్రెడిట్ కార్డు మీద అడ్వాన్సు గీకడం అసలొద్దు.

సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) బ్యాంకు పట్టుకుంటుంది. 60 లక్షలు పంపాలంటే 50 లక్షల మీద 20 శాతం, అంటే 10 లక్షలు విడిగా చేతిలో ఉండాలి. ఇది పోయే డబ్బు కాదు, రిటర్నులో సర్దుకోవచ్చు. జీతగాళ్ళు ఆఫీసులో చెప్పి నెలనెలా కోసే టీడీఎస్‌లో తగ్గించుకోవచ్చు. అయినా ఆ రోజుకి ఆ డబ్బు ఉండాలి. ఇల్లంతా వెతికి 60 లక్షలు పోగుచేసుకుని బ్యాంకుకి వెళ్ళి, ఈ 10 దగ్గర ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే తంటా: ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క ఇనీషియల్ ఉంటుంది, పాన్‌లో నాన్నగారి పేరు కూడా కలిసి ఇంకోలా ఉంటుంది. అక్కడ అధికారి చూసేది ఒక్కటే: డబ్బు పంపిన పేరు, డీడ్‌లో ఎక్కాల్సిన పేరు, పాస్‌పోర్టు పేరు మూడూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా అని. డబ్బు కదలకముందే ఖాతా పేరుని పాస్‌పోర్టుకి సరిగ్గా మార్పించుకోండి. మావాడికి ఈ ఒక్క పనికే ఐదు వారాలు పట్టింది.

పంపేటప్పుడు డాలర్లలో పంపండి, బాట్‌లోకి ఇక్కడ మార్పించకండి. విదేశీ కరెన్సీ బయటి నుంచి వచ్చి, థాయ్ బ్యాంకులో బాట్‌గా మారాలి. అప్పుడే ఆ బ్యాంకు "విదేశీ మారక లావాదేవీ పత్రం" ఇస్తుంది. యాప్‌లో "బాట్‌లో పంపండి" అన్న బటన్ నొక్కి రెండు రూపాయలు మిగిలాయనుకుంటే, అవతల ఆ పత్రం రాదు, పత్రం లేకపోతే విదేశీ కోటాలో రిజిస్ట్రేషన్ లేదు. ప్రయోజనం రాసే చోట కాండో కొనుగోలు కోసమని, బిల్డింగు పేరు, ఫ్లాటు నంబరుతో సహా రాయించండి. "ఖర్చులకి" అని రాస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

హవాలా మాట ఎవరైనా ఎత్తుతారు, ఎత్తకుండా ఉండరు. ఇక్కడి ఫెమా (విదేశీ మారక చట్టం) జరిమానా ఆ మొత్తానికి మూడింతల దాకా ఉండటం ఒక ఎత్తు, ఆ డబ్బుకి అక్కడ పత్రమే రాకపోవడం ఇంకో ఎత్తు. అటూ ఇటూ కాకుండా పోతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండే మనవాళ్ళు అక్కడి ఖాతా నుంచి పంపుకుంటారు కనుక ఎల్ఆర్ఎస్, టీసీఎస్ బాధ లేదు. పేరు, డాలరు, ప్రయోజనం నియమాలు మాత్రం వాళ్ళకీ ఇవే.

అడుగు 5: ల్యాండ్ ఆఫీసు రోజు

పొద్దున్నే వెళ్ళి టోకెన్ తీసుకోవాలి. అచ్చం మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే, కాకపోతే ఏసీ ఉంటుంది, దళారులు కాస్త తక్కువ. కాగితాలన్నీ థాయ్‌లో ఉంటాయి కాబట్టి సొంత అనువాదకుణ్ణి పెట్టుకోండి. అమ్మేవాడు తెచ్చిన అనువాదకుడు అమ్మేవాడి మనిషే. మీ పేరు థాయ్ లిపిలో రాస్తారు, దాన్ని పైకి చదివించుకుని వినండి. మావాడి ఇంటిపేరు మొదట రాసినట్టే ఉంచితే వేరే కులం, వేరే ఊరు అయిపోయేది.

అమ్మేవాడి చేతికి బ్యాంకర్స్ చెక్కు, మీ చేతికి డీడ్, రెండూ ఒకే బల్ల మీద ఒకే నిమిషంలో మారాలి. రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వ విలువ మీద 2 శాతం, మామూలుగా చెరి సగం. అమ్మేవాడు కొని ఐదేళ్ళు నిండకపోతే 3.3 శాతం వ్యాపార పన్ను, నిండితే 0.5 శాతం స్టాంపు డ్యూటీ, వాటితోపాటు అతని ఆదాయపు పన్ను కోత. ఇవి అతని బాధ్యతే, కానీ అగ్రిమెంటులో ఎవరు ఏది కట్టాలో రాయకపోతే బల్ల దగ్గరే బేరం మొదలవుతుంది. వెళ్ళలేకపోతే ల్యాండ్ డిపార్ట్‌మెంటు సొంత ఫారం మీదే జీపీఏ ఇవ్వాలి, మన స్టాంపు పేపర్ మీద రాసింది చెల్లదు.

అడుగు 6: అద్దె లెక్క, ఆశ తీసేసి

30 రోజులకి తక్కువగా అద్దెకిస్తే అది హోటల్ చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా నేరం. చాలా సొసైటీలు లిఫ్టులోనే బోర్డు పెట్టేశాయి. అయినా ఇచ్చేవాళ్ళు ఉన్నారు, పట్టుబడేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి నెలవారీ అద్దె మీదే లెక్క వేయండి.

ఉదాహరణకి 35 చదరపు మీటర్ల కాండో, ధర 40 లక్షల బాట్ అనుకుందాం. నెలకి 15,000 బాట్ అద్దె, ఏడాదిలో ఒక నెల ఖాళీ: 1,65,000. మెయింటెనెన్స్ చదరపు మీటరుకి నెలకి 60 బాట్ చొప్పున ఏడాదికి 25,200. అద్దెకి మనిషిని తెచ్చిన ఏజెంటుకి ఒక నెల అద్దె, 15,000. ఏసీ సర్వీసు, రంగులు, చిన్నా చితకా 10,000. మిగిలేది 1,14,800, అంటే మూడు శాతం కూడా లేదు, ఆ పైన పన్ను. "ఐదేళ్ళు 7 శాతం గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఆ గ్యారంటీ ముందే ధరలో కలిపేశారేమో పక్క బిల్డింగు పాత ఫ్లాట్ల ధర అడిగి చూడండి. మీ డబ్బే మీకు నెలనెలా తిరిగిస్తుంటారు.

అద్దెకి విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కి టీఎం-30 అనే ఫారంలో తెలియజేయాల్సింది ఇంటి యజమాని, అంటే మీరు. హైదరాబాద్‌లో కూర్చుని మర్చిపోతే జరిమానా మీకే.

అడుగు 7: కొన్నాక

కాండో కొన్నంత మాత్రాన అక్కడ ఉండే వీసా రాదు. చాలామంది దుబాయ్ గోల్డెన్ వీసా విని ఇక్కడా అంతే అనుకుంటారు. 50 దాటినవాళ్ళ రిటైర్మెంట్ వీసాకి 8 లక్షల బాట్ అక్కడి బ్యాంకులో ఉంచాలి, డబ్బు కట్టి తీసుకునే దీర్ఘకాల వీసా అయిన ప్రివిలేజ్ కార్డుకి వేరే రుసుము, అన్నీ ఇంటితో సంబంధం లేని దారులే.

మన రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు ప్రతి ఏడాదీ నింపాలి, అద్దె రాకపోయినా సరే. దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024లో చిన్న మొత్తాలకి ఇచ్చిన సడలింపు ఇళ్ళకి, స్థలాలకి వర్తించదు. అక్కడ కట్టిన పన్నుకి రెండు దేశాల ఒప్పందం కింద ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది, రసీదులు పారెయ్యకండి.

వారసత్వం సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పిల్లలకి కాండో వస్తుంది, కానీ చట్టం చెప్పిన అర్హత వాళ్ళకి లేకపోతే ఏడాదిలోపు అమ్మేయాలి. అక్కడి ఆస్తికి థాయ్ భాషలో ఒక చిన్న విల్లు రాయించడం పెద్ద ఖర్చు కాదు.

అమ్మినప్పుడు డబ్బు బయటికి తెచ్చుకోవడానికి అక్కడి బ్యాంకు మళ్ళీ అడిగేది, మొదట డాలర్లు వచ్చిన రోజు ఇచ్చిన ఆ పత్రమే. మావాడు డీడ్‌ని బ్యాంకు లాకర్లో పెట్టి, ఈ పత్రాన్ని కరెంటు బిల్లుల ఫైల్లో పడేశాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అది బయటికి తీసి, రెండు జిరాక్సులు తీయించి, అసలుని డీడ్‌తో పాటు లాకర్లో పెట్టించి వచ్చాను.